మంచులో విండ్‌మిల్ పామ్: పదకొండు చలికాలాలు వాడిన సరంజామా మీద నా అనుభవం

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటి ముందు 2013 ఏప్రిల్‌లో నాటిన విండ్‌మిల్ పామ్‌ను నేను పదకొండు చలికాలాల పాటు ఆరుబయటే బతికించుకున్నాను. 2024లో ఆ ఇల్లు అమ్మి అనంతపురం వచ్చేశాక, పిల్లలు అమెరికాలో ఉన్న మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ చెట్టు ఫోటో చూసి, మంచు కురిసే ఊళ్లో అది ఎలా బతికిందని అడిగారు. ఏ వస్తువు పనికొచ్చింది, దేని మీద డబ్బు దండగ అయింది అనేది నోటితో ప్రతిసారీ చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు చెట్టు గురించి. విండ్‌మిల్ పామ్ చైనా కొండ ప్రాంతాల చెట్టు. దాని శాస్త్రీయ నామం ట్రాకీకార్పస్ ఫార్చునై. 1849లో రాబర్ట్ ఫార్చూన్ అనే స్కాట్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని చైనాలోని చూసాన్ దీవి నుంచి ఇంగ్లండుకు పంపాడు, అందుకే ఆ దేశంలో చాలాకాలం దీన్ని చూసాన్ పామ్ అన్నారు. ఆకు మన తాటాకులాగే విసనకర్ర ఆకారంలో ఉంటుంది గాని, అంత పెద్దది కాదు, అంత మొరటుదీ కాదు. మాను చుట్టూ గోధుమరంగు పీచు దట్టంగా అల్లుకుని ఉంటుంది. ఆ పీచుతో చైనా రైతులు తాళ్లు పేనేవాళ్లు, వానకు కప్పుకునే గొంగళ్లు కూడా కుట్టుకునేవాళ్లు. బాగా వేళ్లూనుకున్న చెట్టు మైనస్ 15 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు కొద్దిసేపు తట్టుకుంటుంది. ఆకులు మాత్రం అంతకు రెండు మూడు డిగ్రీల ముందే మాడతాయి. లేత మొక్కకు ఈ లెక్క వర్తించదు, అది మైనస్ ఎనిమిదికే దెబ్బతినవచ్చు. ఎడిసన్‌లో మామూలు చలికాలంలో మైనస్ 12, మైనస్ 13 చూస్తాం, పదేళ్లలో ఒకటి రెండుసార్లు మైనస్ 18కి దగ్గరగా పోతుంది. అంటే చెట్టు ఓర్పుకూ ఊరి చలికీ మధ్య ఉన్న తేడా మానుకు మూడు, ఆకులకు ఐదారు డిగ్రీలే. ఈ సరంజామా అంతా ఆ కొద్ది డిగ్రీల కోసమే.

మొదటి చలికాలం నా తెలివితక్కువతనంతో గడిచింది. చలి అంటే కప్పుకోవడమే కదా అని, నవంబరు చివర్లో మట్టలన్నీ పైకి లాగి కట్టి, బబుల్ షీటు రెండు చుట్లు చుట్టి, దాని మీద నీలం రంగు టార్పాలిన్ బిగించి, పైన కూడా మూసేశాను. బొంత మనిషికి వేడి పుట్టించదు, మనిషి ఒంట్లోని వేడిని బయటికి పోనివ్వదు, అంతే. చెట్టుకు ఒంట్లో వేడి లేదు కాబట్టి ఎన్ని బొంతలు కప్పినా తెల్లారేసరికి లోపలా బయటా ఒకే చలి ఉంటుందన్న చిన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు, పగటి ఎండకు ప్లాస్టిక్ లోపల ఆవిరి పట్టి, ఆ నీళ్లు మొవ్వులోకి, అంటే కొత్త ఆకు పుట్టే నడినెత్తిలోకి దిగి, రాత్రికి అక్కడే గడ్డకట్టడం. 2014 ఏప్రిల్‌లో టార్పాలిన్ విప్పితే పులిసిన గంజి వాసన కొట్టింది. మధ్యలో నిటారుగా ఉన్న మొవ్వాకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే, ఏ అడ్డూ లేకుండా జారి చేతిలోకి వచ్చేసింది. మొదలు తెల్లగా ఉండాల్సింది టీ డికాక్షన్ రంగుకు తిరిగి, జిగటగా, వేలికి అంటుకునేట్టు ఉంది.

చెట్టు పోయిందనే అనుకున్నాను. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, ఇక్కడ వంక గట్టున నీళ్లు లేక ఎండిపోతున్న ఈతచెట్లను పలకరించే దిక్కు లేదు, నువ్వు అక్కడ చెట్టుకు దుప్పటి కప్పి ఏడుస్తున్నావా నాయనా అని నవ్వి, రాజంపేట దగ్గర కొబ్బరితోట ఉన్న మా మామకు ఫోన్ ఇచ్చింది. ఆయన విండ్‌మిల్ పామ్ పేరు ఎన్నడూ విన్నవాడు కాదు. లక్షణాలు చెప్పగానే మాత్రం, ‘అది మొవ్వుకుళ్లు అల్లుడూ, కొబ్బరికి వానాకాలం వస్తుంది, నీ చెట్టుకు చలికాలం వచ్చింది, అంతే తేడా. గుంతలోకి పుల్ల పెట్టి చూడు, అడుగున గట్టిగా తగిలితే బతుకుతుంది’ అన్నాడు. పుల్ల గట్టిగానే తగిలింది. కుళ్లినదంతా గీకి తీసేసి, ఆయనైతే బోర్డో పేస్టు (మైలతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసేవాడినన్నాడు కాబట్టి నేను అంగట్లో దొరికిన రాగి మందు పోసి, వాన పడకుండా మొవ్వు మీద ఎండ వేళ మాత్రమే తీసే బకెట్టు ఒకటి బోర్లించాను. జులై మూడో వారంలో చివర్లు కత్తెరతో కత్తిరించినట్టున్న వంకర ఆకు ఒకటి బయటికి వచ్చింది. అంత అందమైన వంకర ఆకును నేను మళ్లీ చూడలేదు.

రెండో చలికాలానికి వేడి కావాలని అర్థమైంది గాని, ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాలేదు. క్రిస్మస్ దీపాలు చుట్టమని ఎవరో చెబితే కరెంటు ఆదా అవుతుందని ఎల్ఈడీ తోరణం కొన్నాను. ఎల్ఈడీ తోరణం గొప్పతనమే వేడి చెయ్యకపోవడం. 2015 ఫిబ్రవరి అక్కడ నెలంతా ఎముకలు కొరికే చలి. కప్పు లోపల పెట్టిన థర్మామీటరూ బయటి థర్మామీటరూ అక్కాచెల్లెళ్లలాగా ఒకే అంకె చూపించాయి. ఈసారి మొవ్వు దక్కింది, ఆకులు మాత్రం ఒక్కటి మిగల్లేదు.

మూడో ఏడు నుంచి చివరి దాకా వాడిన పద్ధతి ఒకటే, చిన్న మార్పులు తప్ప. చెట్టుకు నాలుగు వైపులా మూరెడు దూరంలో కర్రలు పాతి, వాటి చుట్టూ కోళ్ల జాలి కట్టి, జాలి లోపలి వైపున పాతకాలం ఫిలమెంటు బల్బుల తోరణం చుట్టి, మొత్తం మీద తెల్లటి ఫ్రాస్ట్ క్లాత్ రెండు మడతలుగా కప్పి, గాలి వచ్చే వాయవ్యం వైపు అదనంగా గోనెపట్టా కట్టేవాడిని. చెట్టు మొదలు చుట్టూ జానెడు మందాన చెక్కపొట్టు పోసేవాడిని. నేల గడ్డకడితే వేళ్లు నీళ్లు లాగలేవు, పైన ఎండా గాలీ ఆకులోని తేమను లాగుతూనే ఉంటాయి. అందుకే చలికి చచ్చాయనుకునే ఆకుల్లో చాలావరకు నిజానికి దాహంతో చచ్చినవే. అనంతపురం మనిషికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఒక్కో వస్తువు సంగతి. అన్నింటిలోకీ నేను ముందు పెట్టేది, దాదాపు 15 డాలర్లకు కొన్న థర్మోస్టాట్ ప్లగ్గును. అరచేతిలో పట్టే ఈ ప్లగ్గు తన చుట్టూ ఉన్న గాలి వేడి 35 ఫారన్‌హీట్‌కు, అంటే రెండు డిగ్రీల సెంటీగ్రేడ్ దాపులకు పడగానే దానంతటదే కరెంటు ఇస్తుంది, 45కు, అంటే ఏడు డిగ్రీలకు చేరగానే ఆపేస్తుంది. దీన్ని కప్పు లోపలే పెట్టాలి. గోడ దగ్గర పెడితే గోడ వెచ్చదనానికి మోసపోతుంది. తొమ్మిది చలికాలాల్లో ఒక్కసారే పాడైంది, అదీ నేను వానలో వదిలేయడం వల్ల. తరువాతి స్థానం బల్బులది. ఏడు వాట్ల బల్బులు 25 ఉన్న తోరణం 175 వాట్లు తీసుకుంటుంది, రాత్రి పది గంటలు వెలిగితే యూనిట్టూ ముప్పావు. బల్బు ఆకును తాకితే తాకినచోట నాణెమంత మచ్చ పడి మాడుతుంది, గుడ్డను తాకితే ప్రమాదం. అందుకే తోరణాన్ని మానుకు చుట్టకుండా జాలికి చుట్టాలి. 2016 ఫిబ్రవరి 14న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మైనస్ 1 ఫారన్‌హీట్ నమోదైంది, మన లెక్కలో మైనస్ 18 పైచిలుకు. ఆ తెల్లవారుజామున మా పెరటి థర్మామీటరు కూడా మైనస్ 18 చూపిస్తుంటే, కప్పు లోపలిది మైనస్ 4 దగ్గర నిలబడింది. ఏప్రిల్‌లో విప్పితే కింది మట్టలు రెండు తప్ప అన్నీ పచ్చగా ఉన్నాయి.

ఫ్రాస్ట్ క్లాత్ అనేది నేత లేని తెల్లటి పలచటి పాలీప్రొపిలీన్ గుడ్డ, గాలి ఆడుతుంది, వెలుతురు వస్తుంది. దాన్ని మొదటిసారి విప్పినప్పుడు ఎక్కడో చూసినట్టుందనిపించింది. మన జిల్లాలో దానిమ్మ రైతులు కాయకు ఎండదెబ్బ తగలకుండా చెట్లకు కప్పేది ఈ జాతి గుడ్డే. ఒంటి మడత రెండు మూడు డిగ్రీలకు మించి ఆపలేదు గాని, లోపల వేడి ఉంటే దాన్ని నిలబెట్టడంలో దీనికి సాటి లేదు. ఎండకు పొడిపొడిగా రాలడం మొదలయ్యేసరికి మూడేళ్లు పడుతుంది. గుడ్డ అంచు నేల దాకా దిగాలి. నేలలోంచి వచ్చే కాస్త వెచ్చదనం కూడా లెక్కలోదే, అంచు గాలికి లేస్తే అది పోతుంది.

మట్టలు కట్టడానికి నైలాన్ తాడు వాడకండి. కాడల అంచున సన్నటి రంపపు పళ్లుంటాయి. వాటికి ఒరిసి తాడు తెగుతుంది, తెగకపోతే కాడలోకి దిగుతుంది. మా ఆవిడ పాత నూలు చీర ఒకటి నాలుగు వేళ్ల వెడల్పున పేలికలుగా చింపి ఇచ్చింది, తొమ్మిదేళ్లూ అవే వాడాను.

దండగ అయినవి కూడా చెప్పాలి. జిప్పు ఉన్న మొక్కల కోటు అని ఒకటి బొమ్మ చూసి 40 డాలర్లు పెట్టి కొన్నాను. లోపల కర్రల ఆధారం లేనందున తడి మంచు బరువుకు కోటు కూలబడి మూడు మట్టలు విరిచింది, రెండో ఏడు జిప్పు ఊడింది. అమ్మినవాళ్లకు రాస్తే సలహా ఇచ్చారు గాని డబ్బు ఇవ్వలేదు. ఆకుల మీద మైనంలాంటి పొర కట్టే స్ప్రే రెండేళ్లు వాడాను, కొట్టిన మట్టకూ కొట్టని మట్టకూ తేడా కనిపించలేదు. జాలి నిండా ఎండుటాకులు కూరే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు. నేను ఒక ఏడు చేసి, తడిసి ముద్దైన ఆకుల్లో ఎలుకలు కాపురం పెట్టడం చూసి మానేశాను. పొడి వాతావరణం ఉన్న ఊళ్లో అది బాగానే పని చెయ్యవచ్చు.

ఈ సరంజామాలో ఒక్క లోపం ఉంది. అది కరెంటు మీద ఆధారపడుతుంది. 2022 డిసెంబరు 23న అమెరికా తూర్పు తీరమంతా ఒక్క పూటలో చలి విరుచుకుపడింది. మా వైపు పొద్దున పది డిగ్రీల పైన ఉన్నది రాత్రికి మైనస్ 12కు పడిపోయింది, ముందు వాన, వెనకే ఈదురుగాలి. నేను అప్పుడు నాన్నగారి సంవత్సరీకానికి అనంతపురంలో ఉన్నాను. 24 ఉదయం ఆరున్నరకు, అంటే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదికి, మిద్దె మీద టీ తాగుతూ ఫోన్‌లో చూస్తే కప్పు లోపలి వేడి మైనస్ 9. తోరణం ప్లగ్గు అతుకులోకి వాననీళ్లు దిగి, బయటి సాకెట్టులోని రక్షణ స్విచ్చు పడిపోయింది. మా పక్కింట్లో ప్రొద్దుటూరు కుర్రవాడు ఉండేవాడు. ఫోన్ చేస్తే, ‘అన్నా, చెట్టు కోసం ఈ గాలిలో బయటికి పొమ్మంటావా’ అని విసుక్కుంటూనే వెళ్లి, అతుకు తుడిచి, ఎండబెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్విచ్చు వేశాడు. ఇరవై నిమిషాల్లో మైనస్ 6, గంటకు మైనస్ 3. స్విచ్చు పడటం మంచిదే, ప్రాణం కాపాడేది అదే. కాని అతుకును నేల మీద వదిలిన తప్పు నాదే. అప్పటి నుంచి అతుకులన్నీ నీళ్లు చొరబడని డబ్బాలో, నేలకు అడుగు ఎత్తున వేలాడదీశాను.

కప్పడంలోనూ విప్పడంలోనూ తొందర, ఆలస్యం రెండూ చెరుపే. డిసెంబరు మొదటి వారం కన్నా ముందు కప్పితే చెట్టు చలికి అలవాటు పడదు. పగలు ఐదు డిగ్రీలు దాటిన రోజున పైభాగం తెరిచి మొవ్వును ఆరబెట్టాలి, ఈ ఒక్క పని చేస్తే నా మొదటి ఏడాది తిప్పలు మీకుండవు. మార్చి నెలాఖరుకు గుడ్డ తీసేసి, ఒకటి రెండు చలి రాత్రులకు దగ్గరే ఉంచుకుంటే చాలు.

మా వీధిలో అడిగినవాళ్లలో ఒకరి అబ్బాయి షికాగోలో ఉన్నాడు. 2019 జనవరి 30న ఆ ఊళ్లో మైనస్ 23 ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 31 సెంటీగ్రేడ్ నమోదైంది. అక్కడ విండ్‌మిల్ పామ్‌ను నేలలో నాటమని నేను చెప్పను. పెద్ద కుండీలో పెంచి, చలికాలం గరాజులోకి లాగుకోవడం నయం. ఆరుబయటే కావాలంటే అంతకన్నా మొండిదైన నీడిల్ పామ్ ఉంది, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవి చెట్టు, మైనస్ 20 వరకు ఓర్చుకుంటుంది. అది కూడా షికాగోలో బల్బులు లేకుండా బతకదు, పైగా మాను ఎదగక పొదలాగే ఉంటుంది. న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియా వైపు ఉన్నవాళ్లు మాత్రం చెట్టు కొన్న రోజే ప్లగ్గూ, ఒక ఫిలమెంటు తోరణమూ, రెండు మడతలకు సరిపడా గుడ్డా కొనిపెట్టుకోవాలి. ఫిలమెంటు తోరణాలు అంగళ్లలో తగ్గిపోతున్నాయి కాబట్టి, దొరికినప్పుడు రెండు తీసుకోమని మీ పిల్లలకు చెప్పండి.