మెదక్ చర్చికి వెళ్తే ఎండ చూసుకుని వెళ్లండి

మెదక్ చర్చికి వెళ్లడం మాకిది రెండోసారి. మొదటిసారి ముందు ఏడుపాయల వనదుర్గమ్మ గుడికి వెళ్లి, అక్కడే ఆలస్యం చేసుకుని, చర్చికి చేరేసరికి చీకటి పడింది. లోపలికైతే వెళ్లాం గానీ, అందరూ అంతగా చెప్పే రంగుటద్దాల కిటికీలు నల్లటి పలకల్లా కనిపించాయి. బయట ఎండ ఉంటేనే లోపల బొమ్మ, లేకపోతే ఏమీ లేదు.

ఈసారి బుద్ధి తెచ్చుకుని వారం మధ్యలో, తెల్లారకముందే సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌ (జేబీఎస్‌)లో మెదక్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి మా ఆవిడకీ అత్తయ్యకీ ఆధార్ చూపిస్తే జీరో టికెట్, డబ్బులు నా ఒక్కడికే, ఇక దారి పొడుగునా నా మీదే జోకులు. నర్సాపూర్ అడవి దాటేటప్పుడు మాత్రం కాసేపు ఊరుకున్నారు.

చర్చిలో తూర్పు కిటికీలో సిలువ దృశ్యం, పడమర కిటికీలో క్రీస్తు జననం, ఎదురుగా బలిపీఠం వెనక ఉత్తరాన క్రీస్తు పరలోకానికి ఆరోహణం. అంటే పొద్దున వెళ్తే తూర్పుది, సాయంత్రం వెళ్తే పడమరది వెలుగుతాయి. రెండూ కావాలంటే రోజంతా ఉండాలి, మేం ఉన్నాం. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది కాబట్టి ఆ టైమ్‌లో పర్యాటకుల్లా తిరగడం బాగుండదు. క్రిస్మస్‌కి జనసముద్రం, కిటికీలు చూసే మాట మర్చిపోండి.

చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గంట గోపురం 175 అడుగులు. కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండ్ మిషనరీ. 1914లో మొదలుపెడితే 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపించి అన్నం పెట్టడానికే ఇంత పెద్దగా కట్టించారని చెబుతారు. మెదక్ ప్రాంతానికి మెతుకు సీమ అని పేరుంది. అది విని మా అత్తయ్య, "మెతుకు సీమ కదయ్యా, మెతుకులు పెట్టి కట్టించిన చర్చన్నమాట" అన్నారు. ఇంతకన్నా బాగా ఏ గైడూ చెప్పలేడు.

మధ్యాహ్నం మాత్రం తప్పు చేశాం. నేను మెదక్ ఖిల్లా ఎక్కుదామన్నాను, సగం మెట్లకే అత్తయ్య కూర్చుండిపోయారు. కోట కూడా చూడాలంటే ముందు రోజు సాయంత్రమే వచ్చి చూసుకోండి. పోనీ కాస్త నడుం వాల్చుదామని ఊళ్లో ఒక లాడ్జిలో గది తీసుకుంటే దుప్పట్లు వాసన, బాత్రూంలో నీళ్లు సన్నటి ధార, పైగా మూడు గంటలున్నా రోజు మొత్తానికి డబ్బు తీసుకున్నారు. చర్చి ఆవరణలో అంత చోటుంది, చెట్ల కింద కూర్చున్నా సరిపోయేది. తిండి కూడా ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి బతికాం.

నాలుగింటికి మళ్లీ లోపలికి వెళ్లాం. నిజం చెప్పాలంటే పొద్దున చూసిన దానికన్నా నాకిదే నచ్చింది. పశువుల పాకలో బాలయేసు ఉన్న ఆ కిటికీ ఎండ దిగేకొద్దీ ఎర్రబడుతూ పోయింది, చివరికి వాచ్‌మన్ వచ్చి ఇక లేవండి అనేదాకా కదల్లేదు.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. జీరో టికెట్ వాళ్లిద్దరికీ సీట్లు దొరికాయి, డబ్బు పెట్టి కొన్న నేను హైదరాబాద్ దాకా నిలబడే వచ్చాను.