ఒక్క గోడకే కొత్త రంగుందా? బెంగళూరులో పాత ఫ్లాట్ కొనేవాళ్లు కాస్త ఆగండి

బెంగళూరులో రీసేల్ ఫ్లాట్ చూస్తున్నవాళ్లు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది ఒక్కసారి చదవండి. మేం 2025 ఫిబ్రవరిలో మారతహళ్లి దగ్గర టూ బీహెచ్‌కే ఒకటి కొన్నాం. పదకొండేళ్ల బిల్డింగ్, నాలుగో అంతస్తు, పైన టెర్రస్సే. మూడు నెలలు తిరక్కుండానే గోడలు అసలు రంగు చూపించాయి. అమ్మినవాళ్ల పేరు, బ్రోకర్ పేరు రాయడం లేదు. లాయర్ వద్దన్నారు.

ఇల్లు చూడ్డానికి ఆదివారం పదకొండు గంటలకు రమ్మన్నారు. ముందురోజు సాయంత్రం వస్తామంటే "పూజ ఉంది" అన్నారు. తలుపు తియ్యగానే ఫిల్టర్ కాఫీ వాసన, దాని వెనకే సాంబ్రాణి. వెడల్పాటి ఇత్తడి పాత్రలో నీళ్లు పోసి చామంతులు వేశారు. పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఫిబ్రవరిలో ఏసీ! హాల్లో ఒక పక్కంతా అద్దం. బెడ్‌రూమ్‌లో మూడు గోడలు క్రీమ్ రంగు, మంచం వెనక గోడ ఒక్కటీ ముదురాకుపచ్చ టెక్స్చర్ పెయింట్. నేనైతే ఆ కర్టెన్లు ఎక్కడ కొన్నారని ఆమెను అడిగాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడు మా అత్తయ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ కాఫీ కప్పు పక్కనపెట్టి, నేరుగా ఆ ఆకుపచ్చ గోడ దగ్గరకు వెళ్లి ఉంగరం వేలితో టకటకా కొట్టారు. "ఏమ్మా, ఈ గోడొక్కటే ఎందుకు కొత్తది? నెమ్ము వాసనొస్తాంది" అన్నారు. ఇంటావిడ నవ్వి, "యాక్సెంట్ వాల్ ఆంటీ, ఇప్పుడు అందరూ ఇదే వేయిస్తున్నారు" అంది. వాళ్ల ముందు పరువు పోతుందని నేను అత్తయ్యను కళ్లతోనే ఊరుకోమన్నాను. ఆ ఒక్క సైగ మాకు రెండు లక్షల ఎనభై వేల ఖర్చు తెచ్చిపెట్టింది.

మేం అజాగ్రత్తగా ఏం కొనలేదు, అదే బాధ. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే మదర్ డీడ్ చూపించుకున్నాం, అప్పులు, లావాదేవీలు తెలిపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లది తీయించాం, బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అడిగి తెప్పించుకున్నాం. ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేర ఉందో చూపించే ఆన్‌లైన్ రికార్డు, లేకపోతే 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషనే కావడం లేదు కాబట్టి అది ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాం. కాగితాలు అద్దంలా ఉన్నాయి. బ్యాంకు పంపిన వాల్యుయేషన్ ఆయన పది నిమిషాలు తిరిగి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన చూసేది అప్పుకు సరిపడా విలువ ఉందా లేదా అని, గోడలో నీళ్లున్నాయా అని కాదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడాది మే మూడో వారంలో సిటీ సగం నీళ్లలో ఉన్న రాత్రి గుర్తుందిగా? ఆ తర్వాత నాలుగో రోజుకి మంచం వెనక పెయింట్ పూరీలా పొంగింది. గోరుతో గుచ్చితే లోపల పుట్టీ తడిసిన సున్నిపిండిలా చేతికొచ్చింది. దాని కింద తెల్లటి ఉప్పు. నీళ్లు ఇటుకలోంచి, సిమెంటులోంచి నడిచేటప్పుడు అక్కడి లవణాలను కరిగించుకుని వస్తాయి, తడి ఆరాక ఆ ఉప్పు గోడమీద మిగిలిపోతుంది. ఆ గోడకు బయటివైపు టెర్రస్ నీళ్లు దిగే పైపుంది, జాయింట్ దగ్గర పగిలి ఉంది. పైపు మార్చకుండా లోపల ఎన్ని కోట్లు వేసినా వానాకాలం దాకానే.

అయినా అది నేను భరించేదాన్ని. పాత ఇల్లన్నాక ఇలాంటివి ఉంటాయి, వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను. బాత్‌రూమ్ సీలింగ్ విప్పేదాకా.

బాత్‌రూమ్‌కి కొత్తగా పీవీసీ ప్యానెళ్ల సీలింగ్ కొట్టించారు. మూలనుంచి చుక్కలు పడుతుంటే ప్లంబర్ ఒక ప్యానెల్ తీశాడు. పైన చెయ్యిపెట్టి తడిమి, ఒక ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ డబ్బా కిందికి దించాడు. సరిగ్గా నీళ్లు కారేచోట పెట్టారు. డబ్బా లోపల ఒకదానిమీద ఒకటి పసుపు గీతలు, నీళ్లు నిండి ఎండిన గుర్తులు. దానిపైన స్లాబు పెచ్చులూడి, తుప్పుపట్టిన ఊచలు కనిపిస్తున్నాయి. ప్లంబర్ ఏం మాట్లాడలేదు. మా ఆయన ఆ డబ్బా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

లాయర్ చెప్పిందేమంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే చెప్పి తీరాలి. వాళ్లకు తెలుసని చూపించడమే కష్టం. మాకు ఆ డబ్బా దొరికింది, అందరికీ దొరకదు. రియల్ ఎస్టేట్ చట్టం రెరాలో ఐదేళ్ల గ్యారంటీ ఉందిగా అని కొందరు ధైర్యం చెప్తారు. అది పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి బిల్డర్ మీద ఉండే బాధ్యత, పదకొండేళ్ల ఫ్లాట్ అమ్మినవాళ్లకు వర్తించదు.

మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంట్లో ఏది అన్నిటికంటే కొత్తదో ముందు అది పట్టుకోండి. పదేళ్ల ఇంట్లో ఒక్క గోడ, ఒక్క సీలింగ్, సింకు కింద ఒక్క ప్లైవుడ్ చెక్క కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి, బిల్లు చూపించమనండి. సెల్ టార్చ్ గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు వెయ్యండి, ఎదురుగా కనపడని ఉబ్బులన్నీ నీడలతో బయటపడతాయి. ఏసీ, ఫ్యాన్లు ఆపి, అగరొత్తులు తీసేయమని చెప్పి, కిటికీలు మూసి పది నిమిషాలు కూర్చోండి, నెమ్ము వాసన ఉంటే తెలుస్తుంది. ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. వాళ్లు తీసుకుంటున్నది మీ ఇరవై ఏళ్ల ఈఎంఐ.

ఫాల్స్ సీలింగ్ ఉంటే మీ ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లండి. అందులో గుండ్రటి లైట్లు చాలావరకు స్ప్రింగ్ క్లిప్పులమీదే నిలబడతాయి, కిందికి లాగితే వచ్చేస్తాయి. ఆ కంతలోంచి ఫోన్ పెట్టి వీడియో తీస్తే పైన స్లాబు ఎలా ఉందో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. ఇది నాకు ఎవరైనా ఫిబ్రవరిలో చెప్పి ఉంటే!

అన్నట్టు, టేపు తీసుకెళ్లడం మరవకండి. వాళ్ల మంచం నాలుగడుగుల వెడల్పుది, పొడవూ తక్కువే. మా ఆరడుగుల మంచం వేశాక బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

ఇంకొకటి, జనవరి, ఫిబ్రవరిలో ఇక్కడ వాన దాదాపు ఉండదు, కారే గోడైనా పొడిగానే కనిపించొచ్చు. వీలైతే వాన పడ్డ రెండోరోజు చూడండి. ఒకసారి పొద్దున్నే ఆరింటికి వెళ్లి కుళాయి తిప్పండి, 2024 ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు మనం మర్చిపోలేదుగా. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ మినిట్స్ ఏడాదివి అడగండి. మా దగ్గర టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి ఇంటికి నలభై వేలు చొప్పున ముందే తీర్మానం అయిపోయింది. బ్రోకర్ తెచ్చిన నో డ్యూ లెటర్ (బకాయిలు లేవనే కాగితం) నెలవారీ మెయింటెనెన్స్ వరకే, ఆ నలభై వేలు మా నెత్తినపడ్డాయి. చేతిలో కొంత డబ్బు ఉంచుకునే రిజిస్ట్రేషన్‌కి వెళ్లండి. మాకు రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతమే పడింది, 2025 ఆగస్టు 31 నుంచి అది 2 శాతం. స్టాంప్ డ్యూటీ వేరే.

అమ్మేముందు ఇల్లు సర్దుకోవడం తప్పని నేననను. ప్రొద్దుటూరులో మా ఇల్లు అమ్మినప్పుడు మేమూ సున్నం కొట్టించాం, గడపకు పసుపు రాశాం, విరిగిన గొళ్లేలు మార్చాం. కానీ వంటింట్లో కారే మూల ఎక్కడో మామయ్యే చూపించి, ధర తగ్గించి ఇచ్చారు. వీళ్లు కూడా పైపు మార్పించిన బిల్లు ఒకటి చూపించి ఉంటే, అడిగిన ధరమీద మేం బేరం కూడా ఆడేవాళ్లం కాదు.

ఇప్పుడు పైపు మార్పించాం, ఊచలు శుభ్రం చేయించి స్లాబు ప్యాచ్ చేయించాం. గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ పెట్టొద్దన్నాడు మేస్త్రీ. అందుకని బెడ్‌రూమ్‌లో ఆ గోడ ఇంకా ఇటుకలతోనే ఉంది. అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా "ఆరిందా?" అని అడుగుతున్నారు. ఐస్‌క్రీమ్ డబ్బా మాత్రం కవర్లో చుట్టి, కాగితాల ఫైలు పక్కనే బీరువాలో పెట్టాం.