పాత సంగీత కీబోర్డులు శుభ్రం చేసి అమ్మేవాళ్లకి ఐపీఏ: చాలాకాలం వాడాక

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం. మొబైల్ రిపేరు సామాన్ల షాపులో ఐపీఏ అంటే ఇచ్చేస్తారు. మందుల షాపులో దొరికే 70 శాతం సరుకు దీనికి బదులు కాదు. అందులో మిగతాది చాలావరకు నీళ్లే, లోపలి సర్క్యూట్ బోర్డు మీద మెల్లగా ఆరి మరక వదులుతుంది. ఇదైతే చప్పున ఆరిపోతుంది, ఆరాక ఏమీ మిగలదు. నాకు ఈ సీసా మీదున్న మమకారమంతా ఆ ఒక్క గుణానికే, అదీ 61 మెట్ల కీబోర్డుల దగ్గర.

విజయనగరం, బొబ్బిలి వైపు భజన బృందాలు, చర్చిలు, ఆర్కెస్ట్రాలు వాడి వదిలేసిన వాటిలో తరచూ వినే ఫిర్యాదు ఇది: "ఏటండీ, ఈ ఒక్క మెట్టు ముట్టుకుంటే సాలు, అరుస్తాది?" మిగతావన్నీ మెత్తగా పలుకుతుంటే ఒక్క స్వరం మాత్రం ఎంత మెల్లగా నొక్కినా పూర్తి జోరుతో మోగుతుంది. ఐసీ (లోపలి చిప్పు) పోయిందని చెప్పి సగం ధరకే అడుగుతారు. ఐసీ పోతే ఒక్క మెట్టే చెడడం అరుదు. చాలాసార్లు అది దుమ్ము.

టచ్ రెస్పాన్స్ (గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలకడం) ఉన్న కీబోర్డులో ప్రతి మెట్టు కిందా రబ్బరు బుడిపె, అందులో రెండు కార్బన్ బిళ్లలు ఉంటాయి. నొక్కినప్పుడు ఒకటి ముందు, ఇంకొకటి కాస్త వెనక బోర్డుకి తగులుతాయి. మధ్యలో ఎంత సమయం గడిచిందో కొలిచి, ఎంత గట్టిగా నొక్కారో లెక్కేస్తుంది. మొదటి బిళ్ల కింద దుమ్ము చేరితే అది ఆలస్యంగా తగులుతుంది. సమయం తగ్గిపోయేసరికి, ఎవరో గుద్దారనుకుని గట్టిగా మోగిస్తుంది. రెండోది అసలు తగలకపోతే ఆ మెట్టు మూగ.

విప్పేటప్పుడు అడాప్టరుతో పాటు బ్యాటరీలూ తీసేయాలి. వెనక స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఏది ఏ కన్నంలోదో అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి. పొడుగుది పొట్టి కన్నంలో బిగిస్తే పై ప్యానెల్ చీలుతుంది. ఆ బుడిపెలుండే రబ్బరు స్ట్రిప్పులు ముక్కలుముక్కలుగా వస్తాయి, తీసేముందే వరస నంబరు వేయాలి. తర్వాత నూలు రాలని గుడ్డని ఐపీఏతో తడిపి, పిండి, బోర్డు మీది నల్ల కార్బన్ గీతల మీద ఒక్కసారి, ఒకే దిక్కుగా తుడవాలి. రుద్దకూడదు. గుడ్డకి బూడిదరంగు అంటితే దుమ్ము. నల్లగా అంటుతోందంటే కార్బనే లేచిపోతోంది, అక్కడితో ఆపాలి. రబ్బరు బిళ్లలకి ఇంకా తేలిక చెయ్యి. చెవిపుల్లలు వద్దు, వాటి పీచు బిళ్ల కింద ఇరుక్కుంటే కథ మళ్లీ మొదటికే. పావుగంట ఆరనిచ్చి, స్ట్రిప్పుల రబ్బరు కాళ్లని మొండి వెదురుపుల్లతో బోర్డు కన్నాల్లోకి దించాలి. సూదిమొన స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చిరుగుతాయి.

దీనికయ్యే ఐపీఏ ఏ 40 మి.లీ.నో. అరిచే మెట్టు పక్క మెట్లతో సమానంగా పలికితే ఇక బేరంలో సగం ధర మాట రాదు. రబ్బరు చిరిగితేనో, కార్బన్ పూర్తిగా అరిగిపోతేనో తప్ప కొత్త స్ట్రిప్పులు కొనక్కర్లేదు. పిల్లలు మెట్ల మీద అంటించిన స-రి-గ స్టిక్కర్ల జిగురు కూడా దీనితోనే పోతుంది. పసుపెక్కిన మెట్లు మాత్రం తెల్లబడవు. అది మురికి కాదు, ప్లాస్టిక్కే మారిపోయింది.

ఆరాక ఏమీ మిగలదన్నాను కదా, సౌండ్ మిక్సర్ ఫేడర్ల (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటల) దగ్గర అదే దీని లోపం. కరకర మోత పోతుంది, నిజమే. కానీ లోపలి గ్రీజు కూడా కడుక్కుపోతుంది. జరిపితే పొడిగా గీరుకుంటుంది, ట్రాకు తొందరగా అరుగుతుంది, కొన్నవాళ్లు తిరిగొస్తారు. అక్కడ నూనెపదును ఉన్న ఫేడర్ స్ప్రేనే వాడాలి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె నాబ్‌కీ ఇదే మాట. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా వారి సంగీత కళాశాల ఉంది, ఈ ఊళ్లో శ్రుతిపెట్టె కొనేవాళ్లు ముందు ఆ నాబ్ తిప్పి చూస్తారు. కర్ర్‌మంటే పెట్టె అక్కడే వదిలేస్తారు. ఆ ఫేడర్ స్ప్రేని రబ్బరు బిళ్లల మీద కొట్టొద్దు సుమా, జిడ్డుకి దుమ్ము ఇంకా పడుతుంది.

కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్ల సరుకైతే నా మెప్పు ఇంకా తగ్గుతుంది. ఉప్పు ఐపీఏలో కరగదనే అనుకోండి. తుడిస్తే తళతళమంటుంది, వానాకాలం రాగానే అదే చోట మళ్లీ చిలుము. ఉప్పుకి నీళ్లే మందు: బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో (యాసిడ్ కాదని చూసుకుని) మెత్తటి బ్రష్‌తో బోర్డు కడిగి, ఆ నీటిని తరమడానికి పైన ఐపీఏ, ఆపై ఒక రోజంతా ఫ్యాను గాలి. చిలుము లోపలికి తినేసిన జాక్‌ని మార్చడమే, శుభ్రం చేసి లాభం లేదు.

హార్మోనియం పెట్టె మీద లక్క పాలిష్ ఉంటే దీన్ని దగ్గరికి రానివ్వొద్దు, పాలిష్ కరిగి చేతికొస్తుంది. డిస్‌ప్లే మీది యాక్రిలిక్ పలక మసకబారి పగుళ్లు తేలొచ్చు. ప్యానెల్ అక్షరాలు కూడా లేచిపోవచ్చు, ముందు ఓ మూల తుడిచి చూడాలి. 12 డిగ్రీలకే మండే ఆవిరి లేచే సరుకు ఇది, మన మైదానాల్లో ఏ కాలంలో చూసినా పగలు అంతకన్నా వేడే. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టుకుని, తలుపులు వేసుకుని చేసే పని కాదు.

నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కీబోర్డులు, అవీ సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లవి. అందుకని నాలుగు నక్షత్రాలు. సౌండ్ సిస్టమ్ సామాను అమ్మేవాళ్లకి రెండే అనిపించొచ్చు. ఒక్క కీబోర్డు కోసమైతే 100 మి.లీ. సీసా చాలు, చవకని లీటరు కొనకండి. మూత తీసి వాడే కొద్దీ మన గాలిలోని చెమ్మని అది పీల్చుకుంటుంది, అడుగుకి వచ్చేసరికి సీసా మీదున్న 99 శాతం లోపల ఉండదు.