పైపుల ప్లాన్: మనమే గీసుకోవాలా, ప్లంబరుకే వదిలేయాలా?

నల్గొండలో మా ఇల్లు కట్టినప్పుడు ప్లాన్ అంటే గదులు, మెట్లు, వాకిలి చూపించే కాగితమే అనుకున్నాను. పైపుల సంగతి అడిగితే ప్లంబరు "గీతలెందుకన్నా, అంతా నా మనసులో ఉన్నది" అన్నాడు. పని బాగానే చేశాడు. రెండేళ్లకు బాత్రూంలో అద్దం బిగిద్దామని డ్రిల్ పెడితే టైల్ వెనక నుంచి నీళ్లు చిమ్మాయి. ఫోన్ చేస్తే ఆ లైను ఎటు తిప్పాడో ఆయనకూ గుర్తులేదు.

అందుకే ఈసారి తమ్ముడి ఇంటికి ప్లాన్ మేమే గీశాం. గ్రాఫు పుస్తకంలో ఒక గడి అర అడుగు. బోరు నీళ్లకు నీలం గీత, మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చే తాగునీళ్లకు ఆకుపచ్చ, వేడినీళ్లకు ఎరుపు.

మన జిల్లాలో ఈ రంగులు చాలా ముఖ్యం. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ ఎన్నో ఊళ్ల బోర్లలో అది దాటుతుంది, కాచినా పోదు. ప్లంబరుకే వదిలేస్తే రెండు నీళ్లనూ ఒకే ట్యాంకుకు ఎక్కించడమో, మధ్యలో ఒక వాల్వు పెట్టి కలపడమో చేస్తారు. వాల్వు కొంచెం లీకైనా బోరు నీళ్లు వంటింటి నల్లాలోకి వచ్చేస్తాయి. మేము గీసిన ప్లాన్‌లో భగీరథకు విడిగా చిన్న ట్యాంకు పెట్టాం. దాని లైను నేరుగా వంటింటికి పోతుంది, ఇంకెక్కడా తగలదు. ఏ నీళ్లు తాగుతామో, ఏ నీళ్లతో గిన్నెలు కడుగుతామో ఇంట్లో ఉండేవాళ్లకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు.

మురుగు లైను దగ్గర మాత్రం మేము తప్పు చేశాం. నాలుగించుల పైపుకు అడుగుకు పావు ఇంచు వాలు ఇస్తే మంచిది. మా లెక్కలో టాయిలెట్ నుంచి చాంబరుకు, అంటే బయట మురుగు చేరే గుంతకు, 24 అడుగులు, అంటే అటు చివర ఆరించులు దిగాలి. అంత లోతు ఉందా అని చూడనేలేదు. గాలి పైపూ మరిచిపోయాం. అది లేకపోతే ఫ్లష్ చేసినప్పుడు ట్రాపులో, అంటే వాసన పైకి రాకుండా ఆపే పైపు వంపులో, నిలిచిన నీళ్లు గుంజుకుపోయి ఇల్లంతా వాసన వస్తుంది. తెలిసిన ఇంజనీరుకు పుస్తకం చూపిస్తే ఆయన వేలు పెట్టి "ఇక్కడ బీము వస్తది, పైపు ఎట్ల పోతది?" అని అడిగాడు. ఇద్దరం మాట్లాడలేకపోయాం. టాయిలెట్‌నే చాంబరు వైపు జరిపించాడు.

మొదటి నుంచీ ఇంజనీరుతోనే గీయించుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఫీజు అవుతుంది, అయినా రెండు మూడు అంతస్తులు వేసేవాళ్లు అలాగే చేయాలి. పై బాత్రూం పైపులు కింది గదుల మీదుగా దిగుతాయి కాబట్టి అక్కడ పొరపాటైతే స్లాబు పగలగొట్టాల్సి వస్తుంది. ఒక్క అంతస్తు ఇల్లయితే నల్లాలు, గీజరు, వాషింగ్ మెషిన్, ఏసీ నీళ్లు పోయే పైపు ఎక్కడెక్కడ రావాలో మీరే గీయండి. మురుగు లైను, వాలు మాత్రం స్లాబు వేయకముందే ఇంజనీరుకు చూపించండి. ప్లంబరు నోటిమాట ప్లాన్‌తో మాత్రం ఒప్పుకోకండి, ఆయన ఎంత పనిమంతుడైనా సరే.

తమ్ముడి ఇంట్లో ప్లాస్టరింగ్‌కు ముందు రోజు గోడగోడకూ కొలత టేపు ఆనించి ఫోటోలు తీశాం. ప్రింట్లు ఆ గ్రాఫు పుస్తకంలోనే అతికించి, ఇంటి కాగితాలతో పాటు బీరువాలో పెట్టాడు.