క్యాడో సరస్సు: బాతుల వేట రోజుల్లో గాలానికి వెళ్తే

డాలస్ నుంచి ఐ-20 మీద తూర్పుగా మూడు గంటలు పోతే టెక్సస్, లూసియానా సరిహద్దులో క్యాడో సరస్సు వస్తుంది. నీళ్ళలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, వాటి కొమ్మల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు. ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళకు శరదృతువు చాలు. క్రాపీ చేప కోసం గాలం పట్టుకుని వెళ్ళేవాళ్ళకు మాత్రం అసలు కాలం చలికాలమే. చిక్కల్లా బాతుల వేటకూ అదే కాలం కావడం.

మన దగ్గర వన్యప్రాణి చట్టం ప్రకారం బాతుల్ని వేటాడటం నేరం. అందుకే తెల్లారకముందు నీళ్ళ మీద తుపాకులు మోగితే కొత్తగా వెళ్ళినవాళ్ళు హడలిపోతారు. అక్కడ అది లైసెన్సు, దాని మీద ఫెడరల్ డక్ స్టాంపు కొనుక్కుని చేసే పని. 1934 నుంచి ఆ స్టాంపుల డబ్బు చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతోంది. మనం గాలం వేసే నీళ్ళు మిగలడంలో వేటగాళ్ళ వాటా కూడా ఉంది. ఆ గౌరవం మనసులో ఉంచుకుని పడవెక్కితే సగం గొడవలు మొదలే కావు.

టెక్సస్ ఉత్తర జోన్‌లో సీజన్ నవంబరు రెండో వారం ప్రాంతంలో మొదలై జనవరి చివరి ఆదివారం దాకా నడుస్తుంది. మధ్యలో, సాధారణంగా నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో, కొద్ది రోజులు ఆపుతారు. తేదీలు ఏటా కాస్త మారతాయి, లూసియానా వైపు తేదీలు వేరు. సెలవు పెట్టగలిగితే ఆ విరామం రోజుల్లోనే వెళ్ళండి. కుదరకపోతే మంగళ, బుధవారాలు మేలు. మొదటి శనివారం, థాంక్స్‌గివింగ్ వారాంతం మాత్రం వద్దు. అప్పుడు సరస్సు మొత్తం వేటగాళ్ళదే అనుకోవాలి.

ఏ రోజు అన్నదాని కంటే ఏ వేళ అన్నది ముఖ్యం. బాతుల్ని కాల్చడానికి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్నా, అసలు వేట పొద్దున మొదటి రెండు మూడు గంటల్లోనే. చలి నీళ్ళలో క్రాపీకి ఆ తొందర లేదు. లోతున, పాత ఏటి గాడి వెంట గుంపుగా ఉండి, పొద్దెక్కాక చురుగ్గా ఎర అందుకుంటుంది. ఎండాకాలం అలవాటు కొద్దీ నాలుగింటికి లేచి వెళ్తే వేటగాళ్ళ మధ్యలో ఇరుక్కోవడమే తప్ప సంచిలో ఒక్క చేప ఎక్కువ పడదు. తొమ్మిదిన్నరకు నీళ్ళలోకి దిగితే చాలు. మీరు దిగేసరికి వాళ్ళలో చాలామంది, బాతుల్ని ఆకర్షించడానికి నీళ్ళ మీద వదిలిన బొమ్మ బాతుల్ని సంచుల్లోకి ఎత్తుకుంటూ ఉంటారు.

ఎక్కడ వేయాలంటే, రాష్ట్ర పార్కులో పడవలు దింపే ర్యాంప్ నుంచి బిగ్ సైప్రస్ బాయూ పాయలోకి వెళ్ళడమే మా మొదటి ఎంపిక. అక్కడ లోతు ఉంటుంది, చేప ఉంటుంది, బాతులు ఇష్టపడే పలుచటి నీటి మడుగులు తక్కువ. 1/16 ఔన్సు జిగ్ (బరువు తల ఉన్న గాలం) గానీ, బెండు కింద బతికున్న మినో అనే చిన్న చేప గానీ చెట్టు మొదళ్ళ పక్కన మెల్లగా దించాలి. పడవ లేనివాళ్ళకు పార్కులోని సా మిల్ పాండ్ దగ్గర చేపలు పట్టే వంతెన ఉంది. టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో ఒడ్డు నుంచి, వంతెన మీద నుంచి గాలం వేయడానికి ఫిషింగ్ లైసెన్సు అక్కర్లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్కడితో ఆగిపోతే మంచిది. చలికాలంలో వేట కోసం రాష్ట్ర పార్కుల్ని కొన్ని రోజులు మూసేయడం ఉంటుంది కాబట్టి బుకింగ్‌కు ముందు పార్కు పేజీలో చూసుకోవాలి. విశాలమైన నీళ్ళు, పెద్ద పడవ కావాలంటే జెఫర్సన్ ఊరికి అవతలి లేక్ ఓ ద పైన్స్ నయం. దూరం దాకా కనిపిస్తుంది కాబట్టి వేటగాళ్ళు దాక్కునే మాటు ఎక్కడుందో ముందే తెలిసిపోతుంది. అందంలో మాత్రం క్యాడోకు సాటి రాదు.

క్యాడోలో దూరం కనిపించదు, అసలు ప్రమాదం అదే. సరస్సు చాలా చోట్ల పదడుగుల లోతు కూడా ఉండదు, అడుగున మొద్దులు. అందుకే నంబరు పలకలు కొట్టిన 'బోట్ రోడ్స్' మీదే పడవలు నడుస్తాయి. ఆ దారి మలుపు తిరగగానే గడ్డి, కొమ్మలు కప్పిన మాటు, ముందు మూడు నాలుగు డజన్ల బొమ్మ బాతులు ఎదురుపడొచ్చు. అప్పుడు చేయాల్సింది ఇది: ఇంజిన్ ఐడిల్‌కు తగ్గించండి, చెయ్యి ఎత్తి ఊపండి, దారి మధ్యలోనే ఆగకుండా సాగిపొండి. బొమ్మల వైపు గాలం విసరొద్దు. ఒక్కో బొమ్మకు సన్నటి తాడు, కింద సీసం గుండు ఉంటాయి. ఆ తాడు ట్రోలింగ్ మోటార్ (పడవను మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటార్) ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే సీలు తెగి మోటార్‌లోకి నీళ్ళు దిగుతాయి, వాళ్ళ ఉదయమూ పాడవుతుంది. దాటాక కూడా కనీసం రెండు వందల గజాలు పోయేదాకా ఆగొద్దు. బాతు చచ్చేది నలభై గజాల్లోనే అయినా, తప్పిపోయిన తూటా రవ్వలు అంతకు ఎన్నో రెట్ల దూరం వెళ్ళి పడతాయి.

కూలిన బాతును తేవడానికి వేటగాళ్ళ కుక్క నీళ్ళలో ఈదుతుంటే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టాల్సిందే. తల ఒక్కటే పైకి కనిపిస్తుంది, నోట్లో బాతుతో నేరుగా యజమాని వైపే వస్తుంది, పడవను చూసి పక్కకు తప్పుకోదు. కూలిన బాతు మీ పడవ పక్కనే పడ్డా చేత్తో తీయకండి. అది ఎవరి లెక్కలో పడుతుందన్నది చట్టం చూసే విషయం.

కయాక్ వాళ్ళు ముదురు ఆకుపచ్చ కోటు వేసుకోవద్దు. నారింజ టోపీ పెట్టుకోండి. పొగమంచులో, చీకట్లో తెల్ల లైటు చేతికి అందేలా ఉండాలి. మడ్ మోటార్లు (బురద, పలుచటి నీళ్ళలోనూ నడిచే ఇంజిన్లు) బిగించిన వేట పడవలు ఆ వేళలో వేగంగా వస్తాయి. పదమూడేళ్ళ లోపు పిల్లలకు కదిలే చిన్న పడవలో లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి, జనవరి నీళ్ళలో పెద్దలకూ అంతే అనుకోండి.

వేటగాళ్ళ వైపు తప్పులూ ఉంటాయి. బోట్ రోడ్డు మీదికే బొమ్మలు పరచడం, దారి వైపు తుపాకీ గురిపెట్టడం, ఖాళీ తూటా గొట్టాలు నీళ్ళలో వదిలేయడం. అలా ఎదురైతే వాదనకు దిగకుండా అక్కడి బోట్ రోడ్డు పలక నంబరు రాసుకుని గేమ్ వార్డెన్‌కు (వేట, చేపల చట్టాలు చూసే అధికారికి) చెప్పండి. చట్టబద్ధంగా జరుగుతున్న వేటను గానీ చేపలు పట్టడాన్ని గానీ కావాలని చెడగొట్టడం టెక్సస్‌లో నేరం. అది ఇద్దరికీ వర్తిస్తుంది.

బసల్లో మా ఓటు పార్కు క్యాబిన్లకే. 1930లలో సీసీసీ (నిరుద్యోగ యువకులకు ప్రభుత్వం పని ఇచ్చిన పథకం) కుర్రాళ్ళు కట్టినవి, ర్యాంప్ దగ్గర. ఐదు నెలల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు, చలికాలం వారాంతాలు త్వరగా నిండిపోతాయి. దోమతెర షెల్టర్లు చవకే గానీ జనవరి రాత్రికి ఆగవు. అన్‌సర్టెన్ అనే ఊళ్ళో ఒడ్డున ప్రైవేటు క్యాబిన్లుంటాయి. సొంత రేవు నుంచే పడవ దింపొచ్చు, ర్యాంప్ దగ్గర వరస ఉండదు. కానీ ఈ కాలంలో పక్క క్యాబిన్‌లో దిగేది వేటగాళ్ళే, నాలుగింటికే ట్రక్కుల తలుపులు మోగుతాయి. నిద్ర కావాలంటే దగ్గరి మార్షల్ పట్టణంలో హోటల్ తీసుకోండి. గాలం పట్టనివాళ్ళు ఇంట్లో ఉంటే జెఫర్సన్ పాత ఇళ్ళలోని బసలు బాగుంటాయి. శాకాహారులు సరుకులు డాలస్‌లోనే కొనుక్కోవాలి.

గైడును పెట్టుకుంటే రాష్ట్ర ఫ్రెష్‌వాటర్ గైడ్ లైసెన్సు ఉందా, ఈ వారం మాటులు ఎక్కడున్నాయో తెలుసా అని రెండే ప్రశ్నలు అడగండి. రెండోదానికి తడుముకునేవాడు వద్దు.

ర్యాంప్ మీద ఒక మాట. స్ట్రాపులు విప్పడం, డ్రెయిన్ ప్లగ్ బిగించడం, సామాను సర్దడం పార్కింగ్‌లోనే పూర్తిచేసుకోండి. ఎదుటివాడు పడవ ఎక్కిస్తుంటే హెడ్‌లైట్లు తీసి పార్కింగ్ లైట్లు వేయండి. తిరిగొచ్చాక జెయింట్ సాల్వీనియా అనే కలుపు మొక్క ముక్క ట్రెయిలర్ మీద మిగలకూడదు. మన చెరువుల్లో గుర్రపుడెక్కలాగే ఇది నీళ్ళను కప్పేస్తుంది. మరో సరస్సుకు మోసుకెళ్తే జరిమానా. లైవ్‌వెల్ (పడవలో చేపల్ని బతికించి ఉంచే తొట్టి), బకెట్ నీళ్ళన్నీ అక్కడే పారబోయాలి. పులుసుకు క్రాపీ సరే గానీ, క్యాడో లార్జ్‌మౌత్ బాస్ చేప మీద పాదరసం హెచ్చరిక ఉంది. దాన్ని నీళ్ళలో వదిలేయండి, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే.