గోదావరికి ఇవతల నేను, అవతల తమ్ముడు: గిట్, మెర్క్యూరియల్, ఫాసిల్ వాడి చూశాక

నేనుండేది సఖినేటిపల్లి. మా పిన్ని కొడుకు ఉండేది నర్సాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి, దాటాలంటే పంటు. ఇద్దరం కలిసి లేసు వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏ ఊళ్లో ఎవరికి ఎంత దారం తూచి ఇచ్చారు, అల్లిన ముక్కలు ఎన్ని తిరిగొచ్చాయి, కూలి ఎంత బాకీ, అదీ మా పని. వానాకాలం గట్టిగా గాలి వీస్తే ముందు కరెంటు పోతుంది, దాని వెనకాలే నెట్టు. అందుకని మూడేళ్లలో మూడు వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌లని (కోడులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసి ఉంచే ప్రోగ్రాములు) ఒక్కో వానాకాలం ఇదే కోడు మీద వాడి చూశాం.

నెట్ లేనప్పుడు కమిట్ చేసుకోవడం (చేసిన మార్పుని చరిత్రలో నమోదు చేయడం), పాత వెర్షన్ తీసి చూసుకోవడం మూడింటిలోనూ బాగానే సాగుతుంది. చరిత్ర మొత్తం ఎవరి మిషన్లో వాళ్లకి ఉంటుంది కదా. తేడా తెలిసేది నాలుగు రోజుల తర్వాత ఇద్దరి పనీ కలిపేటప్పుడు.

ముందు మెర్క్యూరియల్ పెట్టుకున్నాం. దాని కమాండ్ హెచ్‌జీ, అంటే మెర్క్యురీ (పాదరసం) రసాయన గుర్తు. లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడు) రాసేవాళ్లకి బిట్‌కీపర్ అనే ఇలాంటి ప్రోగ్రాము ఉచితంగా వాడుకునే వీలు పోయినప్పుడు, 2005 ఏప్రిల్‌లో, గిట్టూ ఇదీ రెండూ పుట్టాయి. ఇందులో నాకు మనసుకి పట్టింది ఫేజ్ అనే ఏర్పాటు. కమిట్ నా దగ్గరే ఉన్నంతకాలం డ్రాఫ్ట్, ఇద్దరి ఉమ్మడి సర్వర్‌కి పుష్ చేశాక (పంపాక) పబ్లిక్. పబ్లిక్ అయినదాన్ని రీబేస్ (ఉన్న కమిట్లని వేరే కమిట్ మీదకి మార్చి తిరగరాయడం) చేయబోతే ఒప్పుకోదు. అవతలివాళ్ల చేతికి వెళ్లినదాన్ని మార్చకూడదని నేను తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఈ ఒక్క నిరాకరణతో ఎక్కింది.

దెబ్బతిన్నది ఒక్క చోట, కమిట్ల వరస నంబర్ల దగ్గర. "అక్కా, 247లో కూలి లెక్క తప్పింది, చూడు" అని తమ్ముడు ఫోన్ చేశాడు. నా దగ్గర 247 తీస్తే రసీదు ప్రింటు మార్పు ఉంది. అరగంట వాదించుకున్నాక అర్థమైంది: ఆ వరస నంబర్లు ఎవరి కాపీకి వాళ్లవే. కమిట్లు చేరిన వరస మారితే నంబరూ మారుతుంది. ఫోన్లో చెప్పుకోవాల్సింది హాష్‌లోని (ఏ కాపీలోనైనా ఒకేలా ఉండే కమిట్ గుర్తు) మొదటి అక్షరాలు. అప్పటినుంచి అలాగే చెప్పుకుంటున్నాం.

మరుసటి ఏడు గిట్. మొదట్లో స్టేజింగ్ (కమిట్‌లోకి వెళ్లాల్సిన మార్పులని ముందే ఏరిపెట్టడం) అదనపు చాకిరీలా అనిపించింది. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, సగం అయిన పనిలోంచి తేలిన రెండు ముక్కలే ఏరి కమిట్ చేసుకోవడం ఎంత ఆసరానో వాడుతుంటే తెలిసింది. తెలుగు పేర్లున్న ఫైళ్లు మాత్రం, ఏవి మారాయో చూపే స్టేటస్‌లో వెనక్కి వాలిన గీతలు, అంకెలుగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని హడలిపోయాను. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగు ఫాల్స్ చేస్తే చక్కగా తెలుగులోనే చూపిస్తుంది. తెలుగువాళ్లు గిట్ పెట్టుకోగానే చేయాల్సిన మొదటి పని ఇదేనని నా మాట.

అసలు గండం శ్రావణంలో వచ్చింది. తమ్ముడు రీబేస్ చేసి ఫోర్స్ పుష్ (సర్వర్లో ఉన్నదాన్ని తోసేసి తనది పెట్టడం) కొట్టాడు, సర్వర్లో నా రెండు రోజుల పని మాయం. వాడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. నా మిషన్లో ఆ కమిట్లు అలాగే ఉన్నాయి, రీబేస్‌కి ముందు వాడి బ్రాంచ్ (పని సాగే కమిట్ల వరస) ఎక్కడుందో వాడి రీఫ్‌లాగ్‌లో (బ్రాంచ్ కదలికల చిట్టా) ఉంది. పది నిమిషాల్లో తిరిగి పెట్టేశాం. ఆ రాత్రే సర్వర్లో రిసీవ్ డాట్ డినై నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్స్ అనే సెట్టింగు ట్రూ చేశాను, ఇక అలాంటి పుష్‌ని సర్వర్ ఒప్పుకోదు. మెర్క్యూరియల్ తనంతట తాను కాసిన కాపలా గిట్‌లో మనం పెట్టుకోవాలి.

ఆ నెలలోనే వరదకి పంటు ఆపేశారు, నెట్టు మూడు రోజులు లేదు. వ్యాపారికి నెలాఖరు లెక్క ఇవ్వాలి. కొత్త కమిట్ల వరకే గిట్ బండిల్ (కమిట్లన్నీ ఒక్క ఫైలుగా) కట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తే, మామయ్య చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి బైకు మీద పట్టుకెళ్లాడు. తమ్ముడు వెరిఫై కొట్టి, తన దగ్గర ఉండాల్సిన పాత కమిట్లు ఉన్నాయని చూసుకుని, అందులోంచే పుల్ చేసుకున్నాడు (తన కాపీలోకి తెచ్చుకున్నాడు). మెర్క్యూరియల్‌లోనూ బండిల్ ఉంది, మాకు అవసరం పడింది మాత్రం గిట్ ఏడాదే. గిట్‌లో నన్ను విసిగించింది క్లోన్ (రిపాజిటరీని, అంటే కోడునీ దాని చరిత్రనీ, కొత్తగా దించుకోవడం): మధ్యలో తెగితే మళ్లీ మొదటినుంచే. లేసు డిజైన్ల ఫొటోలతో మా రిపాజిటరీ బరువెక్కింది కాబట్టి డెప్త్ 1తో (చివరి కమిట్ ఒక్కటే) తీసుకుని, తర్వాత కొద్దికొద్దిగా లోతు పెంచుకోవడమే దారి.

మూడో ఏడు ఫాసిల్. ఇది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ చేసిన రిచర్డ్ హిప్‌ది. ఎస్‌క్యూలైట్ కోడే 2009 నుంచి అందులో ఉంది. ఒక్క ప్రోగ్రాము, రిపాజిటరీ అంతా ఒక్క ఫైలు. టికెట్లు, వికీ కూడా అందులోనే ఉండి కోడుతోపాటే సింక్ అవుతాయి. లేసు ఏజెంట్లు చెప్పిన ఇబ్బందులన్నీ నెట్ లేకుండానే టికెట్లుగా రాసుకున్నాం, ఆ సుఖం మిగతా రెండింటిలో లేదు. కమిట్ చేసేముందు సర్వర్ అందకపోతే, సింక్ కాలేదు, అయినా కానిమ్మంటావా అని అడుగుతుంది. వానల్లో ప్రతిసారీ జవాబివ్వలేక ఆటోసింక్ (తనంతట తాను సర్వర్‌తో కలుపుకోవడం) ఆపేశాను. రీబేస్ కావాలని పెట్టలేదు, అదీ నాకు సమ్మతమే.

నడవడిలో మెర్క్యూరియల్‌కే నా ఓటు. అయినా ఇప్పుడు మా కోడు గిట్‌లో ఉంది. భీమవరంలో చదివి పనికొచ్చిన కుర్రాడికి అదొక్కటే వచ్చు, ఇద్దరం అతనికి వేరేది నేర్పే తీరికలో లేం. టికెట్ల కోసం ఫాసిల్‌ని పక్కనే ఉంచుకున్నాం. వరద నెలల్లో ప్రతి శనివారం ఒక బండిల్ కట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి, పంటు రేవు దగ్గర మామయ్య కొట్లో ఇచ్చి వస్తున్నాను.