స్టార్టర్ సెట్ మంచిదే, ఆ నాలుగు గాబ్లిన్లతోనే పేచీ

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అంటే పాత్రలు వేసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. దాని 2014 నాటి స్టార్టర్ సెట్‌లో వచ్చే సాహస కథ ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ని మూడు బృందాలతో చివరిదాకా ఆడించాక కూడా ఒక అభిప్రాయం మారలేదు. ఇందులో అసలు గండం ఆకుపచ్చ డ్రాగన్ కాదు, మొదట్లోనే దారి పక్కన మాటువేసే నాలుగు గాబ్లిన్లు (చిట్టి రాక్షసులు).

2014 రూల్స్ ప్రకారం లెక్క చూడండి. గాబ్లిన్‌కి 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు), నాలుగింటికి 200. శత్రువులు మూడు నుంచి ఆరు దాకా ఉంటే ఫైట్ ఎంత కష్టమో తేల్చడానికి దాన్ని రెండింతలు చేయాలి, అంటే 400. ఫస్ట్ లెవెల్‌లో నలుగురు ప్లేయర్లకి ‘డెడ్లీ’ (ప్రాణాంతకం) గీత సరిగ్గా 400 దగ్గరే ఉంది. ఏ డైస్ ఎప్పుడు వేయాలో ఇంకా తెలియని వాళ్లకి మొదటి ఫైటే ఇది! ఇరవై ముఖాల డైస్‌కి +4 కలిపి వేసే బాణం, ఏసీ (దాటితేనే దెబ్బ తగిలే రక్షణ అంకె) 12 ఉన్న మంత్రగాడికి, అంటే విజార్డ్‌కి, నూటికి 65 సార్లు తగులుతుంది, సగటు డ్యామేజ్ 5.5. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) +2 ఉన్నా విజార్డ్ హెచ్‌పీ (ప్రాణబలం) 8 మాత్రమే. రెండు బాణాలు తగిలితే మనిషి నేల మీదే. పైగా గాబ్లిన్ బాణం వేసి, అదే వంతులో దొరికే బోనస్ యాక్షన్‌తో పొదలో దాక్కుని, మళ్లీ అడ్వాంటేజ్‌తో (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుని) వేయగలదు. అందుకే పుస్తకం చెప్పినట్టే రెండింటిని కత్తులతో ముందుకి ఉరికించండి. నాలుగింటినీ పొదల్లోనే ఉంచడం తెలివైన ఎత్తే, కానీ ఆట పావుగంటలో ముగుస్తుంది.

నేను చేసే మార్పు చిన్నది. మూడింటితో మొదలుపెడితే లెక్క 300కి, అంటే ‘హార్డ్’కి దిగుతుంది. నాలుగోది రెండో రౌండ్ చివర రావాలి, అదీ అప్పటికి ఎవరూ పడిపోకపోతేనే. ఓడినా గాబ్లిన్లు చంపవు, స్పృహ లేకుండా పడేసి దోచుకుపోతాయని పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యాన్ని చూడకుండా దాటేసే డీఎంలు (ఆట నడిపించేవాళ్లు) చాలామంది.

ఆ తర్వాత గాబ్లిన్ల గుహలో వాటి నాయకుడు క్లార్గ్, బగ్‌బేర్ అనే పెద్ద రాక్షసుడు. బగ్‌బేర్ మార్నింగ్‌స్టార్ (ముళ్ల గద) దెబ్బ 2డి8+2, అంటే ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి 2 కలపాలి, సర్‌ప్రైజ్ అయినవాడికి తగిలితే ఇంకో 2డి6. రెండూ కలిపి సగటు 18. ఎనిమిది హెచ్‌పీ విజార్డ్‌కి ఒకే దెబ్బలో దానికి రెండింతలు, 16 పడితే డెత్ సేవ్‌లు (పడిపోయినవాడు బతకడానికి వేసే డైస్) కూడా ఉండవు, అక్కడికక్కడే చావు. గుహలో అడుగుపెట్టకముందే సెకండ్ లెవెల్ ఇచ్చేయండి. గుహ అయ్యాక ఎలాగూ వచ్చేదే కాబట్టి తర్వాతి లెక్కేమీ చెడదు.

తెలుగులో ఆడించేవాళ్లు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఎన్నిసార్లయినా వాడగల క్యాంట్రిప్‌నీ, లెక్కగా ఉండే స్లాట్‌ని ఖర్చుపెట్టే స్పెల్‌నీ రెండింటినీ ‘మంత్రం’ అన్నారో, స్లాట్ అయిపోతుందని ప్లేయర్ ఫైర్ బోల్ట్ అనే క్యాంట్రిప్‌ని దాచుకుని కూర్చుంటాడు. ఆ పేర్లు అలాగే ఉంచండి. చదివి వినిపించడానికి పుస్తకంలో గడి కట్టి ఇచ్చిన వర్ణనల్ని అప్పటికప్పుడు తెలుగు చేయబోతే నత్తి వస్తుంది, ముందురోజే ఒక్కోదాన్ని రెండు మూడు వాక్యాలకి కుదించుకోవాలి. ఊహించని లాభం మాత్రం సంబోధనల్లో దొరికింది. గాబ్లిన్లకి బందీగా ఉన్న యోధుడు సిల్డార్‌ని ‘మీరు’ అనే నోటితోనే ప్లేయర్లు గాబ్లిన్‌ని ‘ఏరా’ అంటారు. ఎవరిని ఎలా చూస్తున్నారో వేరే నటించి చూపించక్కర్లేదు.

ఇక అన్నీ పెట్టెలోనే ఉన్నాయని చాలాసార్లు మెచ్చుకున్నాను గానీ, డైస్ ఆరే. నలుగురు పంచుకుంటే ఫైట్ సాగి సాగి నడుస్తుంది, ఇంకో రెండు సెట్లయినా కొనాలి. డ్రాగన్ గండం కాదన్న మాటా పూర్తిగా నిజం కాదు: వెనమ్‌ఫాంగ్ అనే ఆ డ్రాగన్‌కి 136 హెచ్‌పీ, విషపు ఊపిరి సగటున 42. పూర్తి దెబ్బ పడితే థర్డ్ లెవెల్ ఫైటర్ కూడా తట్టుకోలేడు. కాకపోతే దాని సంగతి చెప్పడానికి అది ఉండే పాడుబడ్డ ఊరు థండర్‌ట్రీలో ఒక డ్రూయిడ్ (ప్రకృతి మాంత్రికుడు) ఉన్నాడు. గాబ్లిన్ల సంగతి చెప్పడానికి దారిలో చచ్చిపడి ఉన్న రెండు గుర్రాలే ఉన్నాయి.

ఇదంతా వారానికి మూడు గంటలు, నలుగురు కొత్తవాళ్లతో ఆడే టేబుల్‌కి సరిపోయే మాట. మీ దగ్గర ఐదుగురుంటే ఆ నాలుగు గాబ్లిన్లూ లెక్క ప్రకారమే ‘హార్డ్’లోకి దిగుతాయి, వాటిని ముట్టుకోకండి. క్లార్గ్‌ విషయంలో మాత్రం ఐదుగురున్నా సెకండ్ లెవెలే నయం.